కరెంటు లెక్క తెలిస్తే తెల్లారుతుంది: నైట్ గార్డ్ హారర్ గేమ్స్ ఎలా ఆడాలి

మా చిన్నాయన అనంతపురం బయట ఒక శనక్కాయల నూనె మిల్లులో నైట్ వాచ్‌మన్. రాత్రి ఎనిమిదికి సైకిలెక్కి పోతే పొద్దున ఆరు దాటాకే ఇంటికొస్తాడు. పోయిన ఎండాకాలం కాలు బెణికి నాలుగు రోజులు ఇంట్లోనే ఉండిపోయాడు. ఏళ్ల తరబడి రాత్రిళ్లు మేలుకున్న మనిషికి ఇంట్లో పడుకుంటే నిద్రెక్కడ పడుతుంది? వచ్చి నా వెనక మంచం మీద కూర్చున్నాడు. నేనప్పుడు ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ ఆడుతున్నా. మూడో రాత్రి దాటలేక మూడు రోజులుగా అక్కడే చస్తున్నా.

కాసేపు చూసి, "ఏం వాచ్‌మన్‌రా వాడు, కుర్చీలోంచి లేయనే లేయడు?" అన్నాడు. లేవడానికి కుదరదు చిన్నాయనా, రెండు తలుపులు, రెండు లైట్లు, కెమెరాలు, అంతే, పైగా కరెంటు కూడా కొంచెమే ఇస్తారు, పొద్దున ఆరు దాకా దాంతోనే నెట్టుకురావాలి అని చెప్పా. వెంటనే అడిగాడు: "ఎంతిచ్చినారు కరెంటు? గంటకెంత కాలుతుంది?"

మూడు రోజుల్లో నేను ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది. ఇట్లాంటి గేమ్ ఏదైనా సరే, దయ్యం ఎవరు, కథేంది అన్నవి తర్వాత. ఇక్కడ దేనికి ఖర్చవుతుంది, ఏది ఉచితంగా వస్తుంది, ఇది మొదట తేల్చుకోవాలి. అది తేలకుండా ఎంత బాగా ఆడినా ఐదింటికి చీకట్లో కూర్చుంటారు.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 2014 ఆగస్టులో స్కాట్ కాథన్ అనే అమెరికా డెవలపర్ ఒక్కడే కూర్చుని చేసిన గేమ్ ఇది. అంతకుముందు ఆయన పిల్లల కోసం చేసిన ఒక ఆటలో బొమ్మలు మర మనుషుల్లా భయం పుట్టిస్తున్నాయని రివ్యూల్లో వెక్కిరించారు. సరే, భయమే కావాలంటే అదే ఇస్తానని ఈ ఆటకు దిగాడు. పిజ్జా హోటల్లో పిల్లల కోసం పెట్టిన నాలుగు మర బొమ్మలు రాత్రిపూట లేచి తిరుగుతుంటాయి. మీరు నైట్ గార్డు. పన్నెండు నుంచి ఆరు దాకా ప్రాణాలతో ఉంటే ఆ రాత్రి గెలిచినట్టు. ఐదు రాత్రులు, ఆపైన ఆరోది.

ఇక లెక్క. కంప్యూటర్‌లో ఆట గంట అంటే దాదాపు 89 సెకన్లు, రాత్రి మొత్తం తొమ్మిది నిమిషాలకు ఒక ఐదు సెకన్లు తక్కువ. కింద ఎడమ మూలన కరెంటు శాతం, దాని కింద వాడకం గీతలు ఉంటాయి. మీరేమీ ముట్టుకోకపోయినా ఒక గీత ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, దానికి సుమారు పది సెకన్లకు ఒక శాతం పోతుంది. అంటే చేతులు కట్టుకుని కూర్చున్నా తెల్లారేసరికి 55 శాతం దాకా పోయినట్టే. (బల్ల మీద ఫ్యాను ఒకటి తిరుగుతుంటుంది చూడండి, దాన్ని ఆపే స్విచ్ లేదు. మా ఇంట్లో అట్లా ఫ్యాను వదిలేసి పోతే మా అమ్మ ఊరుకునేది కాదు.) తలుపు మూస్తే ఒక గీత, ఇంకో తలుపుకు ఇంకోటి, లైటుకు ఒకటి, కెమెరా ఎత్తితే ఒకటి. రెండు గీతలుంటే ఐదు సెకన్లకో శాతం, మూడుంటే మూడు సెకన్లకో శాతం.

మిగిలిన ఆ 45 శాతమే మీ చేతి ఖర్చు. అంటే ఒక తలుపో, ఒక కెమెరానో మొత్తం రాత్రిలో ఏడు నిమిషాలు వాడుకునేంత, అంతకు మించి లేదు. రెండో రాత్రి నుంచి ఇది కూడా కొంచెం కొంచెం తగ్గుతూ పోతుంది, ఎందుకంటే ఆటే మీకు తెలియకుండా పైపైన ఇంకాస్త లాగేస్తుంది. కొత్తవాళ్లందరూ చేసే పని, నేనూ చేసిన పని, భయమేసి రెండు తలుపులూ మూసుకుని కూర్చోవడం. లెక్కేసి చూడండి, అట్లా కూర్చుంటే మూడున్నర దాటగానే కరెంటు అయిపోతుంది, తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి.

చిన్నాయన ఒక కాగితం అడిగి రాసిచ్చిన పట్టీ ఇప్పటికీ నా మానిటర్‌కు అంటించి ఉంది: ఒంటి గంటకు 83, రెండింటికి 67, మూడింటికి 50, నాలుగింటికి 33, ఐదింటికి 17. వంద పెట్టి ఆరుతో భాగించాడు, అంతే. గంట మారినప్పుడల్లా ఈ అంకె చూసుకోండి. పట్టీ కంటే ఎక్కువుంటే కాస్త ధైర్యంగా కెమెరా వాడొచ్చు, తక్కువుంటే చెయ్యి బిగబట్టాలి. మిల్లులో టార్చి సెల్లు కూడా ఆయన ఇదే లెక్కన వాడతాడట.

ఆడే ముందు మామూలు ఏర్పాట్లు రెండు చూసుకోండి. ఒకటి ఇయర్‌ఫోన్లు, వైరున్నవి. బ్లూటూత్‌వి కొన్ని శబ్దాన్ని కాస్త ఆలస్యంగా వినిపిస్తాయి, ఇక్కడ ఆ కాస్త ఆలస్యమే ప్రాణం తీస్తుంది. రెండోది, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా రాత్రి మొదలుపెట్టొద్దు. రాత్రి మధ్యలో సేవ్ అవ్వదు, ఆరు కొడితేనే ఆ రాత్రి లెక్కలోకొస్తుంది. ఏప్రిల్‌లో ఒకరోజు నాలుగో రాత్రి, ఐదు దాటింది, తొమ్మిది శాతం ఉంది, గెలిచేశాననుకున్నా. తటాలున చీకటి. ఆటలో కరెంటు పోయిందేమో, అప్పుడు వచ్చే ఫ్రెడ్డీ అనే ఎలుగుబంటి బొమ్మ పాట మొదలవుతుందేమో అని ఊపిరి బిగబట్టి కూర్చున్నా. పాట రాలేదు, ఫ్యాను ఆగింది, పక్కింట్లో పిల్లోడు ఏడుపెత్తుకున్నాడు, చూస్తే కమలానగర్ వీధంతా చీకటే.

ఇప్పుడు అసలు పని. బొమ్మలు నాలుగు, ఒక్కోదాని తీరు వేరు.

బానీ అనే కుందేలు ఎప్పుడూ ఎడమ తలుపు వైపు నుంచే వస్తుంది. చికా అనే కోడిపిల్ల కుడి వైపు. ఈ రెండింటికీ కెమెరా అసలు అక్కర్లేదు. తలుపు దగ్గర లైటు బటన్ ఒక్క క్షణం నొక్కి వదిలేయండి. బానీ ఉంటే గుమ్మంలోనే నిలబడి కనపడుతుంది, చికా ఉంటే కుడి కిటికీ అద్దంలోంచి పళ్లు బయటపెట్టి చూస్తుంటుంది. కనపడితే ఆ తలుపు మూయండి, నాలుగైదు సెకన్లకోసారి లైటు తళుక్కుమనిపించి చూస్తూ ఉండండి, పోగానే తలుపు తెరిచేయండి. తెరవడం మర్చిపోవడమే ఇక్కడ పెద్ద జబ్బు. వెంట్రుకలు నిక్కబొడిచి ఉన్నప్పుడు మూసిన తలుపు తెరవడానికి మనసొప్పదు, చెయ్యి రాదు, కానీ ఆ ఒక్కో సెకనూ బిల్లే.

లైటు గానీ తలుపు గానీ నొక్కితే పలక్కపోతే, లోపలికొచ్చేసిందని అర్థం. మీరు కెమెరా చూస్తున్నప్పుడు దూరి ఉంటుంది. కెమెరా కిందికి దించగానే మీద పడుతుంది. అక్కణ్ణించి చేయగలిగిందేమీ లేదు, ఆరు కొట్టడానికి క్షణాలే ఉంటే మాత్రం కెమెరా దించకుండా అట్లాగే పట్టుకుని కూర్చోండి, ఒక్కోసారి బతుకుతారు.

ఇక్కడే చిన్నాయన ఇంకో మాటన్నాడు. నేను లైటు నొక్కిపెట్టి పట్టుకుని చూస్తుంటే, "టార్చి అట్లా ఏసి పెట్టుకుంటే నీకేం కనపడ్తాదిరా, నువ్వే దొంగోళ్లకు కనపడ్తావు. మొదుట చెవి. తర్వాతే లైటు" అన్నాడు. మిల్లులో ఆయన గంటకోసారి రైలు పట్టా ముక్క మీద గంట కొడతాడు, కొట్టి ఊరికే పోడు, ఆ మోత ఆగేదాకా నిలబడి ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని వింటాడట. కుక్క మొరిగితే ఎటు మొరిగింది, రేకు చప్పుడైతే గాలికా, కాలికా. ఆటలో కూడా శబ్దానికి కరెంటు కాలదు. బొమ్మలు కదిలినప్పుడు అడుగుల చప్పుడు సన్నగా వినపడుతుంది. వంటింట్లో గిన్నెలు చిన్నగా మోగుతుంటే చికా అక్కడుందని లెక్క, అంటే మీ తలుపు దగ్గర లేదు. (వంటింటి కెమెరాలో బొమ్మ రాదు, శబ్దం ఒక్కటే వస్తుంది, కెమెరా పాడైందని కంగారుపడకండి.) లోతైన నవ్వు వినపడితే ఫ్రెడ్డీ ఒక అడుగు ముందుకేశాడు.

ఫాక్సీ అనే నక్క తీరు తిక్కది. 1సీ కెమెరాలో తెర వెనక ఉంటుంది. మీరు కెమెరా అసలు చూడకపోతే కొంచెం కొంచెంగా తెర బయటికొచ్చి, చివరికి ఎడమ వరండాలో పరుగెత్తుకొస్తుంది. దీన్ని ఆపేది కెమెరా ఎత్తడమే, 1సీ ఒక్కటే అని కాదు, ఏ కెమెరా ఎత్తినా అంతసేపు కదలదు, దించాక కూడా ఇంకొన్ని సెకన్లు కట్టేసినట్టు ఉంటుంది. కాబట్టి పది సెకన్లు తేరిపార చూడటం దండగ. ఎత్తి, ఒక్క చూపు చూసి, దించేయండి. ఒక సెకను చూపు, పది సెకన్ల విరామం. తెర వెనక ఖాళీగా కనపడితే ఇంకేమీ ఆలోచించకుండా ఎడమ తలుపు మూసేయండి. తలుపు బాదుతుంది, బాదినందుకు కూడా మీ కరెంటే పోతుంది, మొదటిసారి ఒక శాతం, రెండోసారి ఆరు, మూడోసారి పదకొండు, అట్లా ఐదైదు పెరుగుతూ. ఒక రాత్రిలో రెండుసార్లకు మించి బాదనిస్తే ఆ రాత్రి మీది కాదు.

ఫ్రెడ్డీ మొదటి రెండు రాత్రులు వేదిక దిగడు, కరెంటు పోతే తప్ప. మూడో రాత్రి నుంచి కుడివైపు దారిలో ఒక్కో అడుగు వేస్తూ వస్తాడు, చీకట్లో కళ్లు మాత్రం కనపడతాయి. చివరి మలుపు 4బీ కెమెరాలో కనపడే చోటు. అక్కడికొచ్చాక కుడి తలుపు తెరిచి ఉండగా మీరు వేరే కెమెరా చూస్తే లోపలికొస్తాడు. లైటు వేసినా కనపడడు, అదే వీడితో తంటా. అందుకని నాలుగో రాత్రి నుంచి ఒక అలవాటు చేసుకోండి: కెమెరా ఎత్తే ముందు కుడి తలుపు మూయడం, దించాక తెరవడం. కెమెరాను ఎప్పుడూ 4బీ మీదే వదిలి ఉంచడం, ఎత్తినప్పుడు వెతుక్కోకుండా నేరుగా అదే కనపడాలి.

మొత్తం కలిపితే చేతికి పట్టించుకోవాల్సిన వరస ఇది: ఎడమ లైటు, కుడి లైటు, కుడి తలుపు మూత, కెమెరా పైకి, కిందికి, కుడి తలుపు తెరుపు, మళ్లీ ఎడమ లైటు. పప్పు రుబ్బే చెయ్యిలాగా తిరుగుతూనే ఉండాలి. మొదట్లో ఒక చుట్టుకు పది సెకన్లు పడుతుంది, అలవాటైతే ఐదారు. బెదిరి వరస తప్పారా, తప్పిన చోటే దొరుకుతారు. నేను మూడో రాత్రి మీద పడి ఉన్నది భయంతో కాదు, మధ్యలో కెమెరాలన్నీ తిరగేస్తూ బానీ ఎక్కడుందో అని వెతకడం వల్ల. బానీ ఎక్కడుంటే నాకెందుకు? నా గుమ్మంలో ఉందా లేదా, అంతే కావాలి.

రాత్రుల వారీగా పెద్దగా చెప్పేదేమీ లేదు. మొదటి రాత్రి రెండు గంటల దాకా ఏదీ కదలదు, ఆటలో ఫోన్ చేసి పని గురించి చెప్పే మనిషి మాటలు హాయిగా వినండి, కరెంటు దాచుకోండి. రెండో రాత్రి ఫాక్సీని పట్టించుకోవడం నేర్చుకోండి. మూడు, నాలుగు పైన చెప్పిన వరసతో గట్టెక్కుతాయి. ఐదోది కష్టమే గానీ కొత్తదేమీ లేదు, అన్నీ వేగంగా వస్తాయి. ఆరోది మాత్రం ఒళ్లు హూనం చేస్తుంది, ఫాక్సీ ఒక్క క్షణం ఊరుకోదు, కెమెరా ఎత్తడం దించడం ఆగకూడదు.

కరెంటు సున్నాకు వచ్చినా ఆట అయిపోలేదు. అన్నీ ఆరిపోయాక ఎడమ గుమ్మంలో ఫ్రెడ్డీ ముఖం వెలుగుతూ ఆరుతూ, ఒక పాట మోగుతుంది. ఆ పాట ఐదు సెకన్లలో ఆగొచ్చు, ఇరవై దాకా కూడా సాగొచ్చు, తర్వాత ఇంకాస్త చీకటి, అదంతా చీటీ ఎత్తినట్టే. అంటే అరవై సెకన్లు మిగిలి ఉండగా కరెంటు పోతే ఆశ వదులుకోవచ్చు, పదిహేను ఇరవై సెకన్లే ఉంటే కుర్చీలో గట్టిగా కూర్చోండి. నా ఐదో రాత్రి గెలుపు అట్లా వచ్చిందే, పాట మధ్యలో ఆరు కొట్టింది, నేను అరిచిన అరుపుకు మా అమ్మ లేచొచ్చింది.

దీని తర్వాత మిగతావి ఆడాలనుకుంటే అదే ప్రశ్న మళ్లీ వేసుకోండి, ఇక్కడ ఖరీదు ఏది? అదే సంవత్సరం నవంబర్‌లో వచ్చిన రెండో భాగంలో తలుపులే లేవు. కెమెరాలకు, పక్క గొట్టాల లైట్లకు బ్యాటరీ కాలదు, టార్చికే కాలుతుంది. అక్కడ అసలు ఖరీదు టైము. 11వ కెమెరాలో ఒక మ్యూజిక్ బాక్స్‌కు కీ ఇస్తూ ఉండాలి, అది ఆగిందంటే అందులోంచి లేచేదాన్ని మీరు ముఖానికి తొడుక్కునే మాస్కు కూడా ఆపలేదు. ఎవరైనా గదిలోకొస్తే వెంటనే మాస్కు, ఫాక్సీకి మాత్రం మాస్కు కాదు, టార్చి. మొదటి భాగం అలవాటుతో కెమెరాలు చూస్తూ కూర్చుంటే అయిపోతారు.

2015 మార్చిలో వచ్చిన మూడోదాంట్లో చంపేది ఒక్కడే, పిల్లల గొంతు వినిపించి వాణ్ని పక్క గదికి లాగాలి. అదే పనిగా వాడితే ఆ ఆడియో పాడవుతుంది, మళ్లీ బాగు చేసుకోవాలి. మధ్యలో మీదికొచ్చే మాడిపోయిన బొమ్మలు చంపవు, పరికరాలు చెడగొడతాయంతే. అదే ఏడాది జులైలో వచ్చిన నాలుగోది పూర్తిగా చిన్నాయన ఆట. పిల్లోడి పడకగది, రెండు తలుపులు, కెమెరాల్లేవు. తలుపు దగ్గరికి పోయి ఆగి వినాలి. ఊపిరి వినపడితే తలుపు మూసి పట్టుకోవాలి, వినపడకపోతేనే టార్చి వేయాలి. తారుమారైతే సరాసరి ముఖం మీదికే. ఊపిరి ఎంత సన్నగా ఉంటుందంటే, మా ఇంట్లో కూలరు ఆపేసి చెమటలు కక్కుతూ ఆడా.

చెవి పనికిరాని గేమ్ ఒకటుంది, అయామ్ ఆన్ అబ్జర్వేషన్ డ్యూటీ. అక్కడ కరెంటు గోల లేదు, జ్ఞాపకశక్తికే పని. కెమెరాల్లో గదులు చూస్తూ ఏదైనా మారితే, కుర్చీ జరిగిందో, పటంలో బొమ్మ మారిందో, ఏ గదిలో ఏ రకం మార్పో రిపోర్ట్ కొట్టాలి. కొట్టకుండా పోగుపడనిస్తే డ్యూటీ ముగుస్తుంది. మొదటి నిమిషం రిపోర్టుల జోలికి పోకుండా గదులు బట్టీ పట్టండి. "టేబుల్ మీద మూడు గ్లాసులు, తలుపు సగం తెరిచింది" అని పైకి అనుకుంటూ తిరిగితే బాగా గుర్తుంటుంది, నవ్వుకునేవాళ్లు నవ్వుకుంటారు. గోడౌన్లో బస్తాల వరస రోజూ లెక్కపెట్టే మనిషి కాబట్టి దీంట్లో చిన్నాయన నాకంటే ముందు పట్టేశాడు, పూలకుండీ ఒకటి ఎక్కువైందని.

భయం సంగతికొస్తే, ఒకటే చిట్కా. మీద పడే ఆ అరుపు ముందే రెండుమూడుసార్లు కావాలని చూసేయండి. మొదటి రాత్రి తలుపులు తెరిచి పెట్టి చచ్చిపోండి. ఎంత శబ్దం వస్తుందో తెలిశాక చెయ్యి వణకడం సగం తగ్గుతుంది. గుండె జబ్బున్నవాళ్లు, చిన్నపిల్లలు పక్కన ఉంటే ఆడొద్దు.

చిన్నాయన కాలు బాగయ్యి డ్యూటీకి పోయే రోజు నేను ఐదో రాత్రి దాటా. తెర మీద జీతం చెక్కు వచ్చింది, వారానికి 120 డాలర్లు. రూపాయల్లో ఎంతని అడిగి, చెబితే తలూపాడు. పర్వాలేదే అన్నట్టు. ఆరో రాత్రి గెలిచాక ఆయనకు చూపించడం కోసమే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకున్నా: 120 డాలర్ల 50 సెంట్లు, ఓవర్‌టైమ్ కలిపి. పొద్దున సైకిలు స్టాండు వేస్తుంటే చూపించా.

"ఓటీకి అర్ధ డాలరా?" అన్నాడు. "మా సేటే నయం కదరా."